నీలం పొర

సగం జవాబే వచ్చింది. మిగతా సగం వినపడేలోపే బుడ్డది దిగంతం కిందికి జారిపోయింది. స్పీకరులో సన్నటి కూత తెగి, చేటలో ఇసుక చెరిగినట్టు గరగర మిగిలింది. రేడియో అమ్మాయి హెడ్‌ఫోన్ మెడ మీదికి దించుకుని, "ఇంక లేదు మేడమ్, మళ్ళీ రెండు నలభై ఆరుకే" అని టీ తెచ్చుకోవడానికి లేచి వెళ్ళింది. గోడ గడియారంలో ఒంటిగంట పన్నెండు. తొంభై నాలుగు నిమిషాలు. పక్కకి తిరుగు, సన్నటి వైపు ఎండకి పెట్టు అని పంపాం. విన్నానని మాత్రమే అందో, విన్నాను తిరుగుతున్నాను అందో తెలియదు. తెలిసింది ఒక్కటే, చివర్లో అది చెప్పిన అంకె. బ్యాటరీ యాభై ఐదు డిగ్రీలు. పొద్దున ఎనిమిదిన్నరకి యాభై, పదింటికి యాభై ఒకటిన్నర, పదకొండున్నరకి యాభై మూడు. అరవై దాటితే బ్యాటరీ పొంగుతుంది, పొంగితే పగులుతుంది, పగిలాక బుడ్డది ఇంకో నాలుగేళ్ళు అక్కడే తిరుగుతుంది గానీ మాట్లాడదు. ఏసీ గదిలో నా వేళ్ళు కొయ్యల్లా బిగుసుకుపోయాయి, వీపు మీద మాత్రం చెమట కారుతోంది.

బుడ్డది అంటే మా ఉపగ్రహం. కాగితాల మీద దానికి పెద్ద పేరే ఉంది గానీ, రెండు ఇటుకలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత వస్తువుని అంత పేరుతో పిలవడానికి ఎవరికీ నోరు రాలేదు. దాని పని ఒక్కటే. ఫోను అందనంత దూరం వేటకి పోయే నలభై పడవల్లో నలభై చిన్న పెట్టెలున్నాయి. ఆపదొస్తే పెట్టె మీది ఎర్ర మీట నొక్కుతారు, పైనుంచి పోతూ బుడ్డది వింటుంది, విన్నది మాకు చెబుతుంది, మేం రేవు ఆఫీసుకి చెబుతాం. పోయిన నెల ఇద్దరు అలాగే ఒడ్డుకి చేరారు. అందులో నా వంతు పని, దాన్ని వేడెక్కకుండా చూడటం. పైన చలి కదా, వేడేమిటని అడగని చుట్టం లేదు. మా పిన్నయితే చిన్న ఫ్యానైనా పెట్టలేకపోయారా అంది. ఫ్యాను విసరడానికి అక్కడ గాలేది పిన్నీ, ఊదితే చల్లారడానికి అది టీ కాదు కదా. లోపల పుట్టిన వేడి లోహాన్ని పట్టుకుని పాక్కుంటూ బయటి గోడ దాకా రావాలి, గోడ దాన్ని కంటికి కనపడని వెలుగులా చీకట్లోకి వదలాలి, అంతకు మించి దారి లేదు. పెద్ద ఉపగ్రహాలకి పెద్ద గోడలుంటాయి. బుడ్డదానిది ఒంటిగది కాపురం, పొయ్యి పక్కనే పడక. మాకు మాటలు పంపే ట్రాన్స్‌మిటర్ పొయ్యి, దానికి వేలెడు దూరంలో బ్యాటరీ. మామూలు రోజుల్లో ప్రతి చుట్టులోనూ అరగంట సేపు భూమి నీడలోకి వెళ్ళి ఊపిరి పీల్చుకునేది. తొమ్మిది రోజులుగా సూర్యుడి వాలు మారి దానికి నీడ లేదు, ఇంకో పన్నెండు రోజుల దాకా రాత్రే లేదు. అది నాకు ముందే తెలుసు. ఏడాది ముందే లెక్క వేశాను. ఎంత ఎండలో ఉన్నా నలభై ఆరు దగ్గర ఆగుతుందని వచ్చింది.

మరి ఎందుకు ఆగలేదు? పొద్దున పెద్దాయన ఇదే అడిగాడు. పెద్దాయన మా అధికారి. మెల్లగా మాట్లాడే మనిషి, ఎంత మెల్లగా మాట్లాడితే అంత భయం వేస్తుంది. "ట్రాన్స్‌మిటర్ ఆపేద్దామంటారా? పడవలు సముద్రంలో ఉన్నాయి. అది మూగదైతే వాళ్ళు నొక్కినా మనకి తెలియదు. మీ లెక్క సరైనదైతే తిప్పితే చాలు కదమ్మా?" అన్నాడు. చాలు సార్ అన్నాను. గదిలో ఐదుగురు నా వైపు చూస్తుంటే చాలు సార్ అన్నాను. లెక్క తప్పు కాదు, పదిసార్లు చూసుకున్నాను. లెక్క తప్పు కానప్పుడు తప్పు వస్తువులో ఉండాలి, వస్తువులో తప్పుంటే ఎవరిదో చెయ్యి ఉండాలి, అక్కడి దాకా వచ్చిన ఆలోచన కాలికి ముల్లు గుచ్చుకున్నట్టు ఆగిపోతోంది. మళ్ళీ మొదటికి పోతున్నాను. బయటి గోడ రంగు వెలిసిందేమో. థర్మామీటరే చెడిందేమో. గోడ మీద ముల్లు కదిలింది, ఒంటిగంట ఇరవై ఆరు. నా చెయ్యి దానంతటదే కంప్యూటర్లో బుడ్డదాన్ని కూర్చిన రోజు ఫోటోల ఫోల్డరు తెరిచింది.

నూట పన్నెండు ఫోటోలు. తెల్లటి గది, తెల్లటి కోట్లు, టోపీల కింద కళ్ళు మాత్రమే. అందులో నా చేతులు నేను గుర్తుపడతాను, ఎడమ మణికట్టు దగ్గర గ్లవ్ ఎప్పుడూ మడత పడుతుంది. ఎదురుగా బాబాయి చేతులు, పొట్టివి, నిదానమైనవి. బాబాయి మా కూర్పు మేస్త్రీ. చుట్టరికం ఏమీ లేదు, ఇరవై ఏళ్ళుగా అందరికీ బాబాయే. స్క్రూ బిగించే ముందు దానితో ఏదో గొణుగుతాడు, ఏం చెబుతున్నావు బాబాయ్ అంటే, అత్తారింటికి పంపేటప్పుడు నాలుగు మంచి మాటలు చెప్పొద్దా అంటాడు. ఆ రోజు ట్రాన్స్‌మిటర్‌కీ చట్రానికీ మధ్య వేడిని దాటించే మెత్తటి పలక వేయాలి. బూడిద రంగుది, బబుల్‌గమ్ రేకులాంటిది, దుమ్ము పట్టకుండా రెండు వైపులా పల్చటి నీలం పొర అంటించి వస్తుంది. ఆ పొరలు రెండూ పీకి పెడితేనే వేడి దాటుతుంది. పీకకపోతే దారికి తలుపు వేసినట్టే. ఒక పొర పీకిన గుర్తుంది. గోటితో చివర లేపడం, చిర్రుమని రావడం, గ్లవ్‌కి అంటుకుంటే విదిలించుకోవడం. రెండోది? సరిగ్గా అప్పుడే గాజు కిటికీ అవతల ఎవరో వేలితో తట్టి గడియారం చూపించారు. మూడింటికల్లా ఆ గది ఇంకొకరికి ఇవ్వాలి. బాబాయి తలెత్తకుండా, "పొరలు తీశావా అమ్మా?" అన్నాడు. తీశాను బాబాయ్ అన్నాను. ఆ అనడం మాత్రం నూటికి నూరుపాళ్ళు గుర్తుంది. గొంతులో తడబాటు లేదు. బాబాయి రాయించాడు, చేసినవారి సంతకం నాది, చూసినవారి సంతకం ఆయనది. ఆయన చూడలేదు. నా మాట చూశాడు.

డెబ్బై మూడో ఫోటో. పెద్దది చేశాను. ఇంకా పెద్దది. ట్రాన్స్‌మిటర్ అంచు కింద వెంట్రుకంత గీత. పలక బూడిద రంగు కాదు, నీడ కాదు. నీలం. తెర వెలుగు తగ్గించి చూశాను, పెంచి చూశాను, కళ్ళు మూసి తెరిచి చూశాను. నీలమే. ముందు ఆ ఫోటో మూసేశాను. ఎందుకు మూశానో తెలియదు, వెనక ఎవరూ లేరు. ఒంటిగంట నలభై ఒకటి. ఆ గీత ఇంకెవరికీ కనపడదు, వెతకమని ఎవరూ అనుకోరు, ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా. ఇంకో నాలుగు చుట్లలో అది పగిలిపోతే ఎండ ఎక్కువైందని రాయొచ్చు, చిన్నవి ఇలా పోతూనే ఉంటాయని రాయొచ్చు, పెద్దాయన కూడా తలూపుతాడు. బాబాయి ఇంకో బుడ్డదానికి స్క్రూలు బిగిస్తూ నాలుగు మంచి మాటలు చెబుతాడు. నేను పక్కన నిలబడి వింటాను. ఎన్నేళ్ళు వింటాను? తేలు కుట్టిన దొంగలా అరవలేక ఎన్నేళ్ళు? చెబితే ముందు పోయేది బాబాయి సంతకం. చూడకుండా పెట్టాడంటారు. నిజమే, చూడకుండానే పెట్టాడు, నా మీద నమ్మకంతో. ఆయన పరువుని నా నోటితో నేనే తియ్యాలి. రేడియో అమ్మాయి టీ కప్పు నా పక్కన పెట్టి వెళ్ళింది. పట్టుకుంటే వేడి తెలియలేదు, పెదవులు కాలాక తెలిసింది.

నాన్నకి వేడి అరచేతిలో తెలిసేది. అద్దకం మిల్లులో బాయిలర్ చూసేవాడు. ఇనుముకి బెత్తెడు దూరంలో చెయ్యి పెట్టి ఎంతుందో చెప్పేవాడు, చిన్నప్పుడు నా చెయ్యి కూడా పట్టుకుని పెట్టించాడు, అమ్మ తిట్టింది. ఆ మిల్లులోనే మావయ్య కూడా, అమ్మ తమ్ముడు, ఈల వేస్తూ పని చేసే మనిషి. ఒకరోజు ఆవిరి గొట్టం బిగింపు ఊడి మావయ్య కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది. ఆ తరవాత మావయ్య ఎడమ చేత్తో బొత్తాలు పెట్టుకోవడం నేర్చుకున్నాడు, ఎడమ చేత్తోనే నాకు బొమ్మలు గీసిచ్చాడు, ఈల మాత్రం మళ్ళీ వినలేదు. నాకు ఉద్యోగం వచ్చిన రోజు నాన్న పెరటి మెట్టు మీద కూర్చోబెట్టి చెప్పాడు. ఆ బిగింపు పొద్దున తనే వేశాడట. మధ్యాహ్నం చెమ్మ కనపడిందట. తను వేసిందే కదా, షిఫ్టు అయ్యాక ఎవరూ చూడకుండా సరిచేద్దామనుకున్నాడట. షిఫ్టు అవడానికి ఇంకా అరగంట ఉండగా మావయ్య ఆ పక్కగా నడిచాడు. "అప్పుడే చెప్పుంటే తిట్లు తినేవాణ్ణి. తిట్లు తింటే అరుగుతాయమ్మా. ఇది ఇరవై ఏళ్ళయినా అరగలేదు" అన్నాడు. మావయ్యకి చెప్పావా నాన్నా అంటే లేదని తల అడ్డంగా ఊపాడు. అప్పుడు నాకు నాన్న మీద కోపం వచ్చింది, ఎంత కోపమంటే రెండు రోజులు ఆయన ఎదురుగా కూర్చుని తినలేకపోయాను. ఇప్పుడు రావడం లేదు. ఆ చెమ్మని చూస్తూ నిలబడ్డ అరగంటలో ఆయన లోపల ఎలా ఉండి ఉంటుందో తెలుస్తోంది, ఇంకాసేపు ఆగితే ఏదో ఒకటి దానంతటదే సర్దుకుంటుందని గడియారాన్ని బతిమాలుకుంటూ. నా గడియారంలో ఒంటిగంట యాభై ఎనిమిది. తిరిగినా లాభం లేదు. తిప్పితే ఎండ వేడి తగ్గుతుంది, పొయ్యి వేడి తగ్గదు, దాని దారికి నేను తలుపు వేశాను. ట్రాన్స్‌మిటర్ ఆపాలి. ఆపాలంటే ఎందుకో చెప్పాలి. చెప్పాలంటే లేవాలి. లే. లేచాను.

పెద్దాయన గది పన్నెండు అడుగులు. తలుపు దగ్గర మళ్ళీ ఆగాను, లోపల ఆయన ఫోనులో ఎవరితోనో బుడ్డది బాగానే ఉందని చెబుతున్నాడు. వెనక్కి వెళ్ళిపోవడానికి అది చాలినంత సాకు. ఫోను పెట్టేశాక లోపలికి వెళ్ళి, కూర్చోకుండా, "సార్, పలక మీద పొర ఒకటి తీయలేదు. నేనే. తీశానని బాబాయికి అబద్ధం చెప్పాను. అబద్ధమని అప్పుడు తెలియదు, చూసుకోలేదు. ఫోటోలో కనపడుతోంది" అన్నాను. నా గొంతు ఎవరిదో అనిపించింది. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఎప్పుడు చూశారు?" అన్నాడు. ఇరవై నిమిషాలైంది సార్ అన్నాను. ఆ ఇరవై నిమిషాలూ ఏం చేశారని అడుగుతాడనుకున్నాను, అడగలేదు. బాబాయిని పిలిపించాడు. బాబాయి టోపీ చేత్తో పట్టుకుని వచ్చి, విని, నా వైపు చూడకుండా పెద్దాయనతో, "నేనూ వంగి చూడలేదు సార్. సంతకం నాదే" అన్నాడు. "సంతకాల సంగతి తరవాత. ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు పెద్దాయన. పది చుట్లు మాట్లాడకుండా ఉంచాలి, దాదాపు పదహారు గంటలు. వింటూనే ఉంటుంది, విన్నది దాచుకుంటుంది, మనకి చెప్పదు. పది చుట్లయ్యాక గడియారం చూసుకుని అదే మళ్ళీ పొయ్యి వెలిగించుకోవాలి. వెలిగించుకోకపోతే, అని ఆగాను. మిగతాది ఆయనే తలూపి పూర్తి చేశాడు. "రేవుకి మీరే చెప్పండి" అన్నాడు.

రేవు ఆఫీసులో వైర్‌లెస్ దగ్గర కూర్చునే ఆవిడని నేను ఎప్పుడూ చూడలేదు, గొంతే తెలుసు. వెనక పడవల ఇంజన్లు కొడుతుంటే వాటి మీంచి అరిచి మాట్లాడటం అలవాటైన గొంతు. చెప్పాను. రేపు పొద్దుటి దాకా ఎర్ర మీట నొక్కినా మాకు తెలియదు అన్నాను. "అంటే పెట్టెలు ఉత్తివేనా?" అంది. ఉత్తివే అన్నాను. "పన్నెండు పడవలు పొద్దున్నే పోయాయి, దూరం వెళ్ళినోళ్ళకి నా వైర్‌లెస్ అందదు. మిగతావి రెండున్నరకి పోటు మీద లేస్తాయి. ఇప్పుడు చెప్పావు కాబట్టి సరిపోయింది, జంటలు కట్టి పంపుతాను, ఒకడి కంటికి ఒకడు ఆనేలా. ముందు పోయినోళ్ళకి వీళ్ళే ఎదురుపడి చెబుతారు" అంది. ఎదురుపడకపోతే అని నేను అనలేదు, ఆవిడా అనలేదు. రెండు పదకొండు. పన్నెండు పడవలు. ఒక్కో దాంట్లో ముగ్గురో నలుగురో. నీళ్ళ మీద ఎక్కడో ఒక చెయ్యి ఎర్ర మీట మీద ఉంటుంది, నొక్కాం, ఇంక వస్తారు అనుకుని ఒడ్డు వైపు చూస్తుంటుంది. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలియదు, అందుకని అది మావయ్య చెయ్యిలా కనపడింది, కళ్ళు తెరిచి ఉంచినా కనపడింది.

రెండు నలభై ఆరుకి కూత వచ్చింది. ముందు దూదిలోంచి వచ్చినట్టు, తరవాత స్పష్టంగా. తిరిగింది. చెప్పిన మాట చెప్పినట్టు విని తిరిగింది, సన్నటి వైపు ఎండకి పెట్టుకుని ఉంది, అయినా బ్యాటరీ యాభై ఏడు. రేడియో అమ్మాయి నా మొహం చూసింది, నేను పెద్దాయన మొహం చూశాను, ఆయన తలూపాడు. మూగనోము ఆజ్ఞ టైపు చేసింది నేనే. పంపు మీట నొక్కేముందు ఆజ్ఞ ఇంకోసారి చదువుకుంటుంటే బాబాయి వెనకనుంచి, "నిదానంగా" అన్నాడు, అంతే. ఈసారి జవాబు మొత్తం వచ్చింది. విన్నాను, ఆపుతున్నాను, పది చుట్లు. కూత ఆగింది. అది నడినెత్తిన ఉంది, ఇంకా ఐదు నిమిషాలు మాకు కనపడే చోటే ఉంది, అయినా గరగర తప్ప ఏమీ లేదు. నేనే ఆపానని తెలిసి కూడా చచ్చిపోయిందేమోనని భయం వేసింది. ఇంటికి వెళ్ళు అన్నారు, వెళ్ళాను, అమ్మతో ఏదో మాట్లాడాను, దుప్పటి కప్పుకున్నాను, ఏ చుట్టు ఎక్కడ ఉందో లెక్క పెడుతూనే ఉన్నాను.

పొద్దున ఆరున్నరకి గదిలో నలుగురం. ఆరు ముప్పై రెండు, ఏమీ లేదు. ముప్పై మూడు, ఏమీ లేదు. ముప్పై నాలుగు, రేడియో అమ్మాయి చెయ్యెత్తింది. కూత. బ్యాటరీ నలభై ఒకటి. పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలాడు. ఇంక పొయ్యిని చుట్టుకి ఐదు నిమిషాలే వెలిగిస్తే ఈ ఎండ రోజులు గడుస్తాయి, నా మనసు అప్పుడే ఆ లెక్కలోకి పోతోంది. అంతలో అది రాత్రంతా విని దాచుకున్నవి ఒక్కొక్కటే తెర మీదికి రావడం మొదలైంది. అన్నీ మామూలు పలకరింపులు, నేనిక్కడున్నాను అని పెట్టెలు గంటకోసారి చెప్పుకునేవి. వాటి మధ్య ఎర్ర వరస. ఇరవై ఏడో పెట్టె, నిన్న సాయంత్రం ఐదూ యాభై ఐదు. ఆపద. ఐదూ యాభై ఎనిమిదికి మళ్ళీ ఆపద. ఆరూ రెండుకి మళ్ళీ. ఆ తరవాత ఆ పెట్టె నుంచి ఏమీ లేదు, మామూలు పలకరింపు కూడా లేదు. పన్నెండున్నర గంటల కిందటి మాట. ఫోను నేనే అందుకున్నాను, అంకెలు రెండుసార్లు తప్పు నొక్కాను.

"ఇరవై ఏడా?" అంది వైర్‌లెస్ ఆవిడ. "ఉండు" అని ఫోను బల్ల మీద పెట్టి ఎక్కడికో వెళ్ళింది. అడుగుల చప్పుడు, ఇంజన్లు, ఎవరో ఎవర్నో కేకేయడం. ఉండు అంటే ఏమిటి? ఉంటే ఉన్నాడనొచ్చు, లేకపోతే లేడనొచ్చు, ఉండు ఏమిటి? గోడకి ఆనుకున్నాను. ఎంతసేపయిందో, ఒక మగ గొంతు వచ్చింది, నిద్ర లేనిది, బొంగురుది.

"ఎవరండీ?"

"పెట్టెల ఆఫీసు నుంచి. మీరు ఇరవై ఏడా?"

"అవునండీ. నిన్న ఇంజను పట్టేసింది. మేం పొద్దున్నే పోయినోళ్ళం, ఇది పని చేయట్లేదని మాకు తెలీదు. మూడుసార్లు నొక్కాం. చీకటి పడ్డాక జంటగా వస్తున్న పడవలు రెండు కనపడ్డాయి, ఒకటి తాడు కట్టి లాక్కొచ్చింది. ఇందాకే దిగాం. నొక్కింది వినపడిందా అసలు?"

"దానికి వినపడింది" అన్నాను. "మూడూ వింది. మాకు చెప్పకుండా నేనే దాని నోరు మూశాను. నా తప్పు వల్ల మూయాల్సి వచ్చింది."

తిడతాడని ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాను. తినడానికే సిద్ధంగా ఉన్నాను. అటువైపు నీళ్ళు తాగుతున్న చప్పుడు.

"విందంటారు" అన్నాడు. ఫోను పక్కకి తిప్పి ఎవరితోనో, "ఒరేయ్ బావా, విందంటరా. చెప్పానా? నువ్వు నీళ్ళలో పారేద్దాం అన్నావు" అన్నాడు. మళ్ళీ నాతో, "తీగ ఊడగొట్టేశాడండీ మా బావ, కోపంలో. ఎలా తగిలించాలో చెబుతారా?"

ఎర్ర తీగ ఎటు పోవాలో, నల్లది ఎటు పోవాలో చెప్పడం మొదలుపెట్టాను. సగంలో రెండూ తారుమారు చేసి చెప్పాను. ఆయన కంగారు పడకుండా, "మెల్లగా చెప్పండి, తొందరేం లేదు, ఇవాళ వేటకి పోం" అన్నాడు.